గెడ్డ అవతల మొదటి మాత్ర

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను అరకు లోయకు పైన, ఒడిశా సరిహద్దు వైపు ఉన్న ఒక సామాజిక ఆరోగ్య కేంద్రానికి హెడ్ నర్సుగా వేశారు. ముప్పై పడకల ఆసుపత్రి. ఉద్యోగ విరమణకు నాకు ఏడాది పైచిలుకు మిగిలి ఉంది. మాది చోడవరం వైపు రైతు కుటుంబం. అప్పటిదాకా నా సర్వీసు చాలావరకు మైదానంలోనే గడిచింది. ఆసుపత్రి పేరు, ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇందులో ఒక మనిషి దాచుకున్న విషయం ఉంది. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మనుషుల పేర్లు మాత్రం మార్చాను.

హెడ్ నర్సు అంటే డ్యూటీలు వేయడం, మందుల నిల్వ చూడడం, లేబర్ రూము నడిపించడం అనుకుంటారు. వీటితో పాటు ఇంకో పని ఉంటుంది. సిబ్బందిలో ఎవరికైనా రోగికి వాడిన సూది గుచ్చుకున్నా, రోగి రక్తం కంట్లో పడ్డా వెంటనే ఏం చేయాలో చూడవలసింది ఆమే. అలాంటప్పుడు హెచ్ఐవి సోకకుండా వేసుకునే మందుల కోర్సును మేము పెప్ అంటాం. రోజుకొక మాత్ర చొప్పున ఇరవై ఎనిమిది రోజులు. మొదటి మాత్ర రెండు గంటల్లోపు పడితే మంచిది. డెబ్బై రెండు గంటలు దాటితే వేసుకుని ప్రయోజనం లేదు. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ళతో కడగాలి. పిండకూడదు, వేలు నోట్లో పెట్టుకోకూడదు, బ్లీచింగు లాంటి ఘాటు మందులు పోయకూడదు. ఆ తరువాత డాక్టరుకు చెప్పి, రిజిస్టరులో రాసి, రోగి ఒప్పుకుంటే రోగికీ మనకూ పరీక్ష చేయించాలి.

ఈ పాఠం నేను ఏటా చెప్పేదాన్ని. కొత్తగా చేరిన పిల్లల చేత వల్లె వేయించేదాన్ని. అయితే ఒక నిజం కూడా చెప్పాలి. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నాకు నాలుగైదు సార్లు సూది గుచ్చుకుంది. ఒక్కసారి కూడా రిజిస్టరులో నా పేరు రాసుకోలేదు. కడుక్కుని, ఇంకో గ్లౌజు తొడుక్కుని పనిలో పడేదాన్ని. సూది గుచ్చుకుందంటే చేతకాని నర్సు అనుకుంటారని ఒక నామోషీ. నాబోటి పాతవాళ్ళందరిదీ అదే తీరు.

ఆ ఆగస్టులో ముసురు పట్టింది. కొండవాగును అక్కడ గెడ్డ అంటారు. గెడ్డలు పొంగితే పైఊళ్ళకు దారి ఉండదు కాబట్టి, నెలలు నిండిన గర్భిణులను ముందుగానే జీపులో ఆసుపత్రికి తెచ్చి ఉంచేవాళ్ళం. అలా ఒక శుక్రవారం పొద్దున పైన ఉన్న ఒక ఊరికి నేనే బయలుదేరాను. ఆ ఊరి ఏఎన్ఎం సెలవులో ఉంది. ఆశా కార్యకర్త సావిత్రి ముందురోజు ఫోను చేసి, చిలకమ్మ అనే అమ్మాయికి రోజులు దగ్గరపడ్డాయని చెప్పింది. విశాఖలో భర్త సెంట్రింగు పని చేస్తాడు. చిలకమ్మ అతనితో పాటే ఉండి, పురిటి కోసం మూడు వారాల క్రితమే అత్తగారి ఊరికి వచ్చింది. పట్నంలో ఇచ్చిన గర్భిణి కార్డు పోయిందని చెప్పిందట. మా వైపు రక్తపరీక్షలు ఇంకా ఏవీ కాలేదు.

గెడ్డ దాటేటప్పుడు నీళ్ళు జీపు చక్రాల్లో సగం దాకా ఉన్నాయి. మేము ఊరు చేరేసరికి చిలకమ్మకు నొప్పులు మొదలయ్యాయి. పరీక్షించి చూస్తే కాన్పు సగం దాకా వచ్చేసింది. తిరిగి బయలుదేరదామనుకుంటుండగా డ్రైవరు వచ్చి గెడ్డ పొంగి దారి మీదికి ఎక్కేసిందని చెప్పాడు. కిందటేడు ఇదే గెడ్డ మూడు రోజులు దిగలేదని సావిత్రి అంది. ఇక అక్కడే పురుడు పోయాలని నిర్ణయించాను. ఊళ్ళో సబ్ సెంటరు ఉంది. ఒక గది, ఒక ఇనుప మంచం, ఒక వరండా. సావిత్రి తాళం తీసి మంచం తుడిచి, నా కాన్పు సంచిలోని ప్లాస్టిక్ షీటు పరిచింది. అత్త కొండమ్మ కోడలిని నడిపించుకుని వచ్చి, తలవైపు కూర్చుని ఆమె భుజాలు తన ఒళ్ళో ఆనించుకుంది. కొండమ్మకు యాభై ఏళ్ళుంటాయి. మాట తక్కువ మనిషి.

చిలకమ్మకు ఇరవై మూడేళ్ళు, తొలి కాన్పు. కంటి రెప్ప దించి చూస్తే పాలిపోయి ఉంది. రక్తం తక్కువగా ఉన్న మనిషికి కాన్పులో రక్తస్రావం అయితే ఆ తరువాత నరం దొరకదు. అందుకని సెలైన్ కోసం ముందుగానే చేతికి కాన్యులా పెట్టబోయాను. కాన్యులా అంటే సన్నని ప్లాస్టిక్ గొట్టం. దాని లోపల బోలు సూది ఉంటుంది. గొట్టం నరంలోకి వెళ్ళాక సూదిని వెనక్కి లాగేయాలి. నేను లాగుతున్న క్షణంలో నొప్పి వచ్చి చిలకమ్మ చెయ్యి విదిలించింది. సూది నా ఎడమ బొటనవేలిలో దిగింది. గ్లౌజు లోపల ఎరుపు పాకడం కనిపించింది. గడియారం చూసుకున్నాను. పదకొండూ ఇరవై.

సూదిపోట్లన్నిటిలో ఇదే ఎక్కువ ప్రమాదమైనదని మేము చెబుతాం. బోలు సూది, నేరుగా నరంలోంచి వచ్చినది, లోపల తాజా రక్తం. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఏమీ జరగనట్టు గొట్టానికి ప్లాస్టరు వేసి, సూదిని పంక్చర్ కాని డబ్బాలో పడేసి, మూలనున్న బకెట్టు దగ్గరికి వెళ్ళి గ్లౌజు తీసి కడుక్కున్నాను. రోగిని కంగారు పెట్టకూడదని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. ఎప్పటిలాగే దాచేద్దామనుకున్నాను, అంతే.

నేను తిరిగేసరికి చిలకమ్మ నా చేతినే చూస్తోంది.

“గుచ్చీసుకున్నావు,” అంది. కొండ మీద కలెక్టరునైనా నువ్వనే అంటారు.

“చిన్నదే. నువ్వు ఊపిరి బాగా తీసుకో.”

“నెత్తురొచ్చింది.”

“కడిగేసుకున్నాను కదా.”

ఆమె అత్తవైపు తల తిప్పి, “అత్తా, నీళ్ళు కాసి తే,” అంది. కొండమ్మ కదల్లేదు. “నువ్వెల్లమ్మా,” అని సావిత్రిని పంపింది. చిలకమ్మ తలుపు వైపు చూసింది, మళ్ళీ అత్త ముఖం చూసింది. అత్తను బయటికి పంపడానికి ఆమె చేసిన ప్రయత్నం అదని నాకు ఆ తరువాతగానీ అర్థం కాలేదు. ఇంతలో ఇంకో నొప్పి వచ్చింది. పెద్ద నొప్పి. అది దిగాక, చెమట తుడుచుకోకుండానే అంది:

“అత్తా, నా సంచి ఇటియ్యి.”

“ఇప్పుడేటే సంచి?”

“ఇయ్యి.”

గుడ్డసంచి అడుగున మడతపెట్టిన చీర, ఆ చీరలో లేబులు గీకేసిన తెల్ల ప్లాస్టిక్ డబ్బా. నడుస్తుంటే మాత్రలు చప్పుడు కాకుండా లోపల దూది కుక్కి ఉంది. ఆ దూది పీకి, ఒక మాత్ర అరచేతిలో వేసి నాకు చాచింది.

“ఇది ఏసుకో, సిస్టరమ్మా. బేగి ఏసుకో.”

“ఏం మందిది?”

“ఏఆర్టీ మాత్ర. రోజూ ఏసుకుంతన్నాను. నాకు హెచ్ఐవి ఉంది.”

అత్త ఒళ్ళో తల పెట్టుకుని, అత్త వింటుండగా చెప్పింది ఆ మాట. గొంతు తగ్గించలేదు.

ముందు ఆ అమ్మాయి గురించే ఆలోచించానని రాస్తే అబద్ధమవుతుంది. ఎన్నో ఏళ్ళుగా బోర్డు మీద రాస్తూ వచ్చిన డెబ్బై రెండు గంటలు, గెడ్డ, మూడు రోజులు ఒక్కసారిగా కళ్ళముందు నిలబడ్డాయి. ఆ తరువాత అరచేతిలోని మాత్ర చూశాను. అప్పుడు తట్టింది. ఆమె జబ్బుకు ఇచ్చే మూడు మందులు కలిసిన మాత్ర, పెప్‌కు మేము ఇచ్చే మాత్ర ఒకటే. మా లేబర్ రూము బీరువాలో తాళం వేసి ఉన్నది ఇదే.

లేబులు లేని డబ్బాలోంచి మందు వేసుకోకూడదన్నది మాకు మొదటి పాఠం. అది ఆమెకూ తెలిసినట్టుంది. “సీరలో పుస్తకముంది, సూడు,” అంది. హెచ్ఐవికి మందులిచ్చే ఏఆర్టీ సెంటరు వాళ్ళ ఆకుపచ్చ పుస్తకం. మందు పేరు, తేదీలు, నెలనెలా తీసుకున్నట్టు సంతకాలు ఉన్నాయి. ఒక్క నెల కూడా తప్పలేదు. రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్షకు రక్తం తీసినట్టు రాశారు గానీ, ఫలితం గడి ఖాళీగా ఉంది. అది తెలియనప్పుడు మాత్ర వేసుకోవలసిందే. రోగి మందు సిబ్బంది తీసుకోకూడదన్న నియమమూ ఉంది. డబ్బాలో తొమ్మిది మాత్రలే ఉన్నాయి. డాక్టరును అడుగుదామంటే ఫోను సిగ్నలు బడి మెట్ల దగ్గర తప్ప దొరకదు. పురిటి మంచం వదిలి వెళ్ళే వీలు లేదు. నేనే నిర్ణయించుకుని, స్టీలు గ్లాసులో నీళ్ళు ముంచుకుని మింగాను. పదకొండూ నలభై.

గుచ్చుకున్న ఇరవై నిమిషాలకు మొదటి మాత్ర. తాళాలు, సంతకాలు అన్నీ చేతికందే పెద్దాసుపత్రుల్లో కూడా అంత త్వరగా పడడం నేనెప్పుడూ చూడలేదు.

నేను గ్లాసు దించేసరికి కొండమ్మ చేతులు కోడలి భుజాల కిందనుంచి మెల్లగా బయటికి వచ్చాయి. ఆమె లేచి, ఎవరి వైపూ చూడకుండా వరండాలోకి వెళ్ళి నిలబడింది. చిలకమ్మ తల షీటు మీదికి జారింది. ఆమె కళ్ళు మూసుకుంది గానీ ఏడవలేదు. వేన్నీళ్ళతో వచ్చిన సావిత్రి గుమ్మంలో అంతా విన్నట్టుంది. నేను గ్లౌజుల జత చూపించాను. తొడుక్కుని, కొండమ్మ వదిలిన చోట కూర్చుని చిలకమ్మ తల ఒళ్ళోకి తీసుకుంది.

“నానున్నాను,” అంది. “గట్టిగా ముక్కు.”

నేను రెండు జతల గ్లౌజులు, ప్లాస్టిక్ ఏప్రను వేసుకున్నాను. కళ్ళజోడు ఎలాగూ ఉంది. ఇవన్నీ జబ్బున్న రోగికి మాత్రమే కాదు, ప్రతి కాన్పుకీ వేసుకోవాలని పుస్తకాల్లో ఉంటుంది. పొద్దున నా ఒంటి మీద ఏప్రను లేదు. పన్నెండూ ఇరవై అయిదుకు ఆడపిల్ల పుట్టింది. కోత, కుట్లు అవసరం రాలేదు. మాయ పడ్డాక రక్తం మామూలుగానే పోయి ఆగింది. తొలి కాన్పు, ఒంట్లో రక్తం లేని మనిషి, ఎవరికీ చెప్పుకోలేని జబ్బు. అంత నొప్పిలో కూడా ఆమె ఆలోచించింది నా బొటనవేలి గురించి. బిడ్డను తుడుస్తున్నంతసేపూ నా మనసు అక్కడే తిరిగింది.

బడి మెట్ల మీద నుంచి డాక్టరుగారికి ఫోను చేశాను. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయిన కుర్ర డాక్టరు. అంతా విని, “సిస్టర్, మీరు చేసింది కరెక్టే. ఇక్కడైతే నేనింకా తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతికిస్తుండేవాణ్ణి,” అన్నారు. ఆ తరువాత బిడ్డ సంగతి ఎత్తారు. తల్లికి హెచ్ఐవి ఉంటే, పుట్టిన కొద్ది గంటల్లోనే బిడ్డకు నెవిరపిన్ అనే సిరప్పు మొదలుపెట్టాలి. అది ఆసుపత్రిలో ఉంది. ఫార్మసిస్టును మోటారు సైకిలు మీద గెడ్డ ఒడ్డుకు పంపుతానన్నారు. ఇవతలికి ఎలా వస్తుందో ఇద్దరికీ తెలియదు.

తిరిగి వచ్చేసరికి కొండమ్మ వరండా స్తంభం దగ్గరే ఉంది. జల్లు కొట్టి సగం చీర తడిసింది. నన్ను ఆపింది.

“నా కొడుక్కీ ఉందా?”

“అది నీ కొడుకు నోటినుంచే వినాలి. నేను చెప్పకూడదు.”

ఆమె గెడ్డ వైపు ముఖం తిప్పుకుంది. నేను లోపలికి వెళ్ళబోతుంటే మళ్ళీ అడిగింది.

“గుంటకి పాలియ్యొచ్చా?”

“ఇవ్వొచ్చు. ఆరు నెలలూ తల్లిపాలే. తేనె, నీళ్ళు ఏవీ నాలిక్కి రాయకూడదు. తల్లి మాత్ర మానకూడదు. బిడ్డకి మాత్రం ఒక సిరప్పు పట్టాలి. అది గెడ్డ అవతలుంది.”

“జంట రాళ్ళ కాడ గెడ్డ ఇరుకు,” అంది కొండమ్మ. “అక్కడికి రమ్మను.”

గొడుగు కూడా తీసుకోకుండా దిగిపోయింది. సావిత్రి వెంట వెళ్ళింది. అక్కడ జరిగింది నాకు ఆమె చెప్పినదే. మా ఫార్మసిస్టు అవతలి ఒడ్డున బండి ఆపి, నైలాను తాడుకు రాయి కట్టి విసిరాడు. రెండుసార్లు నీళ్ళలో పడింది. మూడోసారి కొండమ్మ రాతి అంచుదాకా వెళ్ళి, నడుంలోతు నీళ్ళలో నిలబడి అందుకుంది. ఆమె పశువులు కాసిన చోటే అది. ఏ రాయి మీద కాలు ఆనుతుందో ఆమెకు తెలుసు. తాడు బిగించి, ఫార్మసిస్టు తన అన్నం క్యారేజీలో మందులు పెట్టి దాని మీదుగా జారవిడిచాడు.

మూడు గంటలకు ఆమె తిరిగి వచ్చింది. క్యారేజీని పైట కింద గుండెలకు అదుముకుని ఉంది. లోపల సిరప్పు సీసా, బిడ్డకు పట్టడానికి సూది లేని సిరంజి, నాకు మిగతా రోజుల మాత్రలు, ఎప్పుడు ఎంత వేయాలో డాక్టరుగారు చేత్తో రాసిన కాగితం. సీసా మీద నీటి చుక్క లేదు. కొండమ్మ మాత్రం తల నుంచి పాదాల దాకా తడిసి వణుకుతోంది. మూడూ పదికి బిడ్డ నోట్లో మొదటి మోతాదు వేశాను. కొండమ్మ పొడి చీర కట్టుకుని వచ్చి, మంచం తలవైపు, పొద్దున కూర్చున్న చోటే కూర్చుంది. కోడలి తల కిందికి చెయ్యి పోనిచ్చి, జావ గ్లాసు నోటికి అందించింది.

గెడ్డ మూడో రోజు పొద్దున దిగింది. ఆ రెండు రోజులూ నేను సబ్ సెంటరులోనే ఉన్నాను. రెండో రోజు మధ్యాహ్నం, బిడ్డ పాలు తాగుతుండగా, నన్ను తొలుస్తున్న ప్రశ్న చిలకమ్మను అడిగాను. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు, మీ అత్తకూ తెలిసేది కాదు కదా అన్నాను.

“నాకు తెలుస్తాది కదా,” అంది.

తనే మళ్ళీ చెప్పింది. “ఈ జబ్బుందని విశాఖలో నాకు మొదట సెప్పినప్పుడు, ఎవులో ముందే ఓ మాట సెప్పుంటే బాగున్ను అనుకున్నాను. ఎవులూ సెప్పనేదు. నీకు సెప్పడానికి నానున్నాను. మాత్ర కూడా ఉంది. ఇంకేటి ఆలోసించడం?”

“మీ అత్త వదిలేసి వెళ్ళిపోతే?”

“ఎల్లిపోద్దనే అనుకున్నాను.”

బిడ్డను రెండో పక్కకు మార్చుకుంది.

ఆసుపత్రికి వచ్చాక రిజిస్టరులో మొదటిసారి నా పేరు రాసుకున్నాను. ఇరవై ఎనిమిది రోజులూ మాత్ర వేసుకున్నాను. మొదటి వారం కడుపులో తిప్పింది, నిద్ర సరిగా పట్టలేదు. మా ఆయనకు చెప్పాను, ఇంకెవరికీ చెప్పలేదు. క్వార్టర్సుకు ఎవరైనా వస్తే డబ్బాను బియ్యం డ్రమ్ము వెనక పెట్టేదాన్ని. రెండో వారంలో నేనూ లేబులు గీకేసి, లోపల దూది కుక్కాను. సాటి నర్సుల ముందే నాకు అంత బెరుకుగా ఉంటే, ఆ పిల్ల తొమ్మిది మంది ఉన్న ఇంట్లో మూడు వారాలు ఒక్క పూట తప్పకుండా ఎలా వేసుకుందో నా ఊహకు అందలేదు. ఇప్పటికీ అందదు.

ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు చేసిన పరీక్షల్లో నాకు ఏమీ రాలేదు. చిలకమ్మ రక్తంలో వైరస్ కనిపించనంత తక్కువగా ఉందని ఆ ఖాళీ గడిలో తరువాత రాశారు. అంటే నాకు సోకే అవకాశం ముందునుంచీ చాలా తక్కువే. ఆ సంగతి ఆ రోజు ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. బిడ్డకు ఆరు వారాలు సిరప్పు పట్టారు. పద్దెనిమిది నెలలకు చేసే ఆఖరి పరీక్ష నేను రిటైరయ్యాక జరిగింది. లేదని తేలినట్టు సావిత్రి ఫోను చేసి చెప్పింది. పరీక్షకు పిల్లను ఎత్తుకుని వచ్చింది కొండమ్మేనట.

ఉన్న కొద్ది నెలల్లో రెండు పనులు చేయించగలిగాను. గెడ్డలు దాటి వెళ్ళే ప్రతి కాన్పు సంచిలో మూడు రోజులకు సరిపడా పెప్ మాత్రలు, బిడ్డకు సిరప్పు సీసా పెట్టించాలని డాక్టరుగారిని అడిగాను. ఆయన పైవాళ్ళకు రాసి ఒప్పించారు. ఏప్రను లేకుండా కాన్పు గదిలోకి ఎవరినీ, నన్ను కూడా, రానివ్వవద్దని లేబర్ రూము ఆయాకు అధికారం ఇచ్చాను. ఆమె దాన్ని కచ్చితంగా వాడింది.

పాఠం కూడా మార్చాను. సూది గుచ్చుకుంటే కడగడం, మాత్ర, డాక్టరు, రిజిస్టరు అనే వరుసలో ఒక మాట లేదు. నేను ఎప్పుడూ చేర్చలేదు. చివరి ఏడాది కొత్తవాళ్ళకు ఆ మాట చేర్చి చెప్పాను: గుచ్చుకున్న సంగతి రోగి దగ్గర దాచకండి. పక్కన ఎవరైనా ఉంటే ఏదో ఒక పని చెప్పి బయటికి పంపి, తలుపు వేసి, ఆమెకు చెప్పండి. మీకు తెలియనిది ఆమెకు తెలిసి ఉండవచ్చు.